చింతపండుతో కడిగిన కెంపు

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో జాతిరాళ్ళు అమ్మే దేవరాజ్ మాటంటే మాటే. రాయి చేతిలో పెడితే చాలు, భూమిలో పుట్టిందా, మందు పెట్టి మెరిపించిందా, మిషన్లో వండిందా, మొహమాటం లేకుండా మొహానే చెప్పేవాడు. పెళ్ళివాళ్ళు అలిగిపోయినా సరే, ఆ మనిషి అబద్ధమాడడని పేరు. ఆ పేరు ఎంత బరువో ఆ సోమవారం పొద్దున తెలిసొచ్చింది పాపం.

ఎల్లారెడ్డి బస్సు దిగి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ముందు యాదవ్వ, నాలుగడుగుల వెనక కోడలు బాలలక్ష్మి. యాదవ్వ కొంగుముడి విప్పి రాగి ఉంగరమొకటి బల్ల మీద పెట్టింది. అందులో కెంపు. సూర్యుడి రాయిని రాగిలో కట్టాలంటారు కదా, అలాగే కట్టించి నాలుగేళ్ళ కింద ఆమె కొడుకు వెంకటి వేలికి తొడిగింది దేవరాజే. "ఇది ఉన్నంత కాలం నిప్పు నీ జోలికి రాదు తమ్మీ" అని కూడా అన్నాడు.

"వెంకటి రాలేదా అవ్వా?"

"ఇంకెక్కడి వెంకటి బిడ్డా! వరికోత మిషన్ నడుపుతుంటె కరెంటు తీగ తాకింది. ఎనిమిది నెలలాయె." యాదవ్వ కోడలి వైపు చెయ్యి చూపించింది. "గీ మహాతల్లి, ఉంగరం చిలుమెక్కిందని చింతపండుల నానేసి తోమింది. తెల్లారేసరికి రాయి మీద తెల్లగీతలు వడ్డయి. పది దినాలకే నా కొడుకు పాయె. రాయి బలమంత గిదే తీసింది. కాదంటె నువ్వే చెప్పు."

బాలలక్ష్మి తల ఎత్తలేదు. మొగుడు పోయిన నాటి నుంచీ ఆ పిల్ల బీడీలు చుడుతోంది, వండుతోంది, పడుకుంటోంది. అంతే, కంట చుక్క రాల్చలేదు. రాల్చే హక్కు తనకు లేదనుకుంది పిచ్చిది.

"రాయిని నేనే ఖరాబు చేసిన్నా అన్నా? గదొక్కటి జెప్పు, సాలు" అంది.

దేవరాజ్ భూతద్దం కింద పెట్టి చూశాడు. లోపల గాలిబుడగలు. కాస్త వంచితే నీలి మెరుపు. కెంపు కెంపే, కానీ ఒళ్ళంతా పగుళ్ళున్న పనికిమాలిన కెంపు. ఆ పగుళ్ళలో గాజు కరిగించి నింపారు. అసలు కెంపును చింతపండు ఏడాది నానబెట్టినా ఏమీ చెయ్యదు. పులుపు తిన్నది ఆ గాజును. ఆనాడు ఉగాది ముందు గిరాకీ, రాయి తెచ్చినవాడు పాత దోస్తు, అద్దం కిందైనా పెట్టకుండానే "అసలుది" అనేశాడు ఈ మహానుభావుడు.

"అవునవ్వా, చింతపండుతోనే పోయింది" అంటే చాలు. పేరు నిలుస్తుంది. కోడలు ఎలాగూ ఆ నింద మోస్తూనే ఉంది. ఛీ, ఆ ఆలోచన వచ్చినందుకే అతనికి సిగ్గేసింది.

"తప్పు నాది అవ్వా" అన్నాడు. "అసలుదైతే చింతపండు దీన్నేం చెయ్యకపోవు. దీంట్ల గాజు నింపిండ్రు. నేను సూడకనే అంటగట్టిన."

యాదవ్వ తిడుతుందనుకున్నాడు. ఆమె అడిగింది వేరు.

"మరి అసలుది పెడితె నా కొడుకు బతుకుతుండెనా?"

అవునంటే వెంకటిని తన చేతులతో చంపినట్టే. కాదంటే ముప్పై ఏళ్ళుగా ఆ బల్ల మీద అమ్ముకున్న ధైర్యమంతా ఉత్తదే. పుష్యరాగం కోసం వచ్చి కూర్చున్న మాచారెడ్డి రైతు కూడా చెవి ఇటే పెట్టాడు. దేవరాజ్ ఉంగరం బల్ల మీద పెట్టేశాడు.

"లేదవ్వా. ఏ రాయీ కరెంటును ఆపది. గది తెలిసే అమ్ముతున్న."

మాచారెడ్డి రైతు లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

"అంటె... నేను గాదా?" అంది బాలలక్ష్మి.

"నువ్వు గాదు చెల్లె."

అప్పుడేడ్చింది. బల్ల అంచు పట్టుకుని, బజారంతా తిరిగి చూసేలా ఏడ్చింది. "సద్ది తెస్తనంటి గదయ్యా, జర ఆగకపోతివి గదయ్యా" అని మాటలల్లి, చనిపోయిన నాడు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది. చావింట్లో ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడుస్తారు మా వైపు. ఆనాడు కోడలు తన మెడ పట్టుకోబోతే యాదవ్వ "సంపి ఏడ్వనొచ్చినవా?" అని చెయ్యి విదిలించేసింది. ఇప్పుడు ఆ యాదవ్వే రెండు చేతులూ చాపి ముందుకొచ్చింది.

బాలలక్ష్మి వెనక్కి జరిగింది.

"వద్దత్తా" అంది. "ఆనాడియ్యని మెడ ఇయ్యాల నాకెందుకు? నా మొగుని కోసం నన్నొక్కదాన్ని ఏడ్వనియ్యి."