చుక్కల మందు

ఎన్కార్నసియోన్ ఊళ్లో మిషను కుట్టుకునే సునిల్దాకు నాలుగేళ్ల కొడుకు, ఇవాన్. వాడికి మూర్ఛ వచ్చినప్పుడల్లా అత్త ఎవులోహియా, "మా వంశంలో ఈ రోగం ఎరగం. నీ కడుపే అలాంటిది" అనేది. అందుకే ఫోనులోని గ్రూపు సునిల్దాకు పుట్టిల్లయింది. అందులో మూడు వందల మంది తల్లులు, అందరి పిల్లలకూ మూర్ఛే. మూర్ఛ వస్తే ఇవాన్‌ను ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టాలో కూడా అక్కడే నేర్చుకుంది.

గ్రూపు నడిపేది మిర్తా. ఆమె కూతురిదీ అదే జబ్బు. ఆమె ఏదో చుక్కల మందు తెచ్చి, మాత్రలు మానేసి ఇది వేయమంది. సునిల్దా నమ్మింది. వారం తిరక్కుండానే ఇవాన్‌కు రోజుకు నాలుగుసార్లు మూర్ఛ రాసాగింది. డాక్టరు చీవాట్లు పెట్టి మాత్రలు మళ్లీ మొదలుపెట్టించాడు. ఆ సంగతి సునిల్దా గ్రూపులో ఉన్నదున్నట్టు రాసింది.

"బిడ్డను చూసుకోవడం చేతకాక నామీద పడి ఏడుస్తావేంటే?" అంది మిర్తా.

"ఏడవట్లేదక్కా. ఇంకెవరికైనా ఇలా అయిందా అని అడుగుతున్నా."

"విశ్వాసం లేనిదానా!" అని అందరికంటే ఘాటుగా రాసింది గ్రిసెల్దా అనే మరో తల్లి. కాసేపటికే సునిల్దాను గ్రూపులోంచి తీసేశారు.

అత్త పగలబడి నవ్వింది. "మొహం చూడనోళ్లు కూడా గెంటేశారా నిన్ను!"

మర్నాడు సునిల్దా మాండియోకా దుంపలు ఉడకబెడుతుంటే గ్రిసెల్దా ఫోను చేసింది. "నా పిల్లకూ అలాగే అయింది. నన్నూ తీసేస్తారని భయపడి నిన్ను తిట్టాను."

"నలుగురిలో తిట్టి చాటుగా చెప్తావా? చెప్పేదేదో అక్కడే చెప్పు" అని పెట్టేసింది సునిల్దా.

గ్రిసెల్దా చెప్పింది. ఆమెనూ తీసేశారు. ఆపైన ఒకరి వెనక ఒకరు నోరు విప్పారు. ఆదివారానికి అలా గెంటేసినవాళ్లు ఇరవై ముగ్గురు. వాళ్లందరినీ సునిల్దా కొత్త గ్రూపులో చేర్చింది.

నెల తర్వాత మిర్తా తననూ చేర్చుకోమని అడిగింది. కూతురు ఆసుపత్రిలో ఉందట. ఆ చుక్కలే తన బిడ్డకూ వేసింది.

"ముందు ఆ మందు ఆపమని నీ గ్రూపులో రాయి. తర్వాత రా" అంది సునిల్దా.

"నీ కాళ్లు పట్టుకోమంటావా?"

"నా కాళ్లెందుకు? నీ గ్రూపువాళ్ల పిల్లలు ఇంకా ఆ చుక్కలు తాగుతున్నారు."

మిర్తా నోటికొచ్చినట్టు తిట్టింది. సాయంత్రానికి మందు ఆపమని తన గ్రూపులో రెండే వాక్యాలు రాసింది. సునిల్దా చేర్చుకుంది. ఒక్కరూ పలకరించలేదు. చివరికి గ్రిసెల్దా అడిగింది, "పిల్ల ఎలా ఉంది?"

"నీకెందుకు?" అని రాసింది మిర్తా. చాలాసేపటికి మరో వాక్యం వచ్చింది. "దాని మాట తడబడుతోంది."