నల్ల కారు మీద గీత

సకాకీనీ పేటలో మా వీధి ఎంత ఇరుకంటే, రెండు వైపులా కార్లు ఆగాక మధ్యలో మిగిలేది ఒక గాడిదబండి పట్టేంత దారి. ఆ ఇరుకులో ముప్పై ఒక్క కార్లను ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టే పని బహీగాది. నా ఇస్త్రీ కొట్టు వీధి మలుపులోనే ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం అస్ర్ నమాజు దాకా నేను బల్ల ముందు నిలబడే ఉంటాను కాబట్టి, ఆమె పని నాకు తెలిసినంతగా ఆమె మొగుడికి కూడా తెలియదు.

నిజానికి ఆ పని ముందు మొగుడిదే. అతని పేరు గరీబ్. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. పద్నాలుగో నంబరు భవనంలో మెట్ల కింద గదిలో మంచం మీద ఉంటాడు. వీధి కాపలా కాసేవాళ్ళ కోసం భవనం వాళ్ళు ఇచ్చిన గది అది. గరీబ్ మంచాన పడ్డ వారానికే బహీగా అతని ఈల మెళ్ళో వేసుకుని వీధిలోకి వచ్చింది. ఆడమనిషి కార్లు పెట్టించడమేమిటని నవ్వినవాళ్ళే నెల తిరక్కుండా తాళాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

పాత పరుపుల్లోంచి తీసిన స్పాంజి ముక్కల్ని గుడ్డలో కుట్టి, తాళ్ళతో కారు తలుపులకి వేలాడదీసేది. గోడ పక్కన ఆగే కార్లకి ఫ్రిజ్ అట్టపెట్టెలు చీల్చి అడ్డం పెట్టేది. హ్యాండ్ బ్రేక్ వెయ్యకుండా వదలమని అందరికీ చెప్పి, లోపల ఇరుక్కున్న కారు బయటికి రావాలంటే అడ్డున్నదాన్ని భుజంతో నెట్టేది. ఎవరైనా తలుపు తెరుస్తున్నారంటే అప్పటికే ఆమె అరచెయ్యి పక్క కారుకి ఆనించి ఉండేది. తలుపు అంచు ఆ చేతికి తగిలి ఆగేది. వేళ్ళ కణుపులన్నీ నల్లగా కమిలిపోయి ఉండేవి.

"నీ చెయ్యేమన్నా రబ్బరుదా?" అని అడిగానోసారి.

"రబ్బరైతే ఈపాటికి అరిగిపోయేది ఫర్గలీ అన్నా. తోలు కాబట్టి మళ్ళీ మళ్ళీ వస్తోంది" అంది.

ఒక్కటే చిక్కు. ముప్పై ఒక్క తాళాలు మెడలో వేసుకున్న మనిషి వీధి దాటి వెళ్ళలేదు. కూతురికి దమన్‌హూర్‌లో పురుడు వచ్చినా వెళ్ళలేదు. మలుపులో రొట్టెల కొట్టు దాకా వెళ్ళినా వెనక్కి చూస్తూనే నడిచేది.

కిందటి చలికాలంలో హాతిమ్ ఇంజినీరు నల్ల కారు కొన్నాడు. పద్నాలుగో నంబరు మూడో అంతస్తులో ఉంటాడు. భవనం సంఘానికి పెద్ద కూడా ఆయనే, అంటే మెట్ల కింద గది ఎవరికివ్వాలో చెప్పేది ఆయనే. కారు వచ్చిన రోజు బహీగాని పిలిచి, రెండు వైపులా మూడేసి జానలు ఖాళీ ఉండాలన్నాడు.

"ఇంజినీరుగారూ, మూడు జానలు వదిలితే ఈ వీధిలో నాలుగు కార్లు నెత్తిన పెట్టుకోవాలి నేను."

"పెట్టుకో. దీని మీద గీత పడిందంటే మాత్రం ఈల, గది తాళం రెండూ తెచ్చి నా చేతిలో పెట్టు."

నవ్వుతూనే అన్నాడు గానీ అది నవ్వులాట కాదని ఆమెకి తెలుసు. మందమైన గుడ్డతో తొడుగు కుట్టించి, రోజూ దులిపి, కారుకి తొడిగేది.

ఇంజినీరు చెడ్డవాడని చెప్పను. వాళ్ళ నాన్న షౌకత్ హాజీ ముప్పై ఏళ్ళు అస్వాన్ లైన్లో రైలు గార్డుగా పనిచేసిన మనిషి. రెండేళ్ళుగా జ్ఞాపకం జారిపోతోంది. ఓసారి ఇల్లు దాటి వెళ్ళిపోయి రోజంతా దొరకలేదు. సాయంత్రానికి రామ్సెస్ స్టేషన్లో ఒక బెంచీ మీద, పైజామాతో, బండి కోసం చూస్తూ కనిపించాడట. ఆ రోజు ఇంజినీరు నా కొట్టులో స్టూలు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని, "ఇంకోసారి ఇలా జరిగితే గుమ్మానికి ఇనుప జాలీ పెట్టించి తాళం వేస్తాను ఫర్గలీ. నాకు వేరే దారి లేదు" అన్నాడు. అప్పుడు చొక్కాల కోసం వచ్చిన బహీగా కూడా అక్కడే ఉంది.

ఏప్రిల్లో ఒక మంగళవారం. ఇంజినీరు పని మీద రైల్లో అలెగ్జాండ్రియా వెళ్ళాడు. ఆయన భార్య బడికి వెళ్ళిపోయింది, ఆవిడ టీచరు. పది గంటలవేళ బహీగా నీళ్ళు పట్టుకోడానికి లోపలికి వెళ్ళింది. నేను కాలరు ఇస్త్రీ చేస్తూ తలెత్తేసరికి హాజీ నల్ల కారు దగ్గర నిలబడి ఉన్నాడు. చారల పైజామా, కాళ్ళకి చెప్పుల్లేవు. తొడుగు ఎత్తి భుజం మీద వేసుకుని, చేతిలో తాళంచెవితో తలుపు మీద కన్నం కోసం వెతుకుతున్నాడు.

అది ఆయన పాత ఆకుపచ్చ ఫియట్ తాళంచెవి. ఇరవై ఏళ్ళు ఆ బండి సరిగ్గా అక్కడే ఆగేది. జ్ఞాపకం తప్పడం మొదలయ్యాక కొడుకు దాన్ని అమ్మేశాడు, చెవి మాత్రం ఆయన జేబులోనే ఉండిపోయింది. ఆయనకి కన్నం దొరకలేదు. ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా చెవిని ఆనించి తడుముకుంటూ నడిచాడు. ఆ చప్పుడు నాకు మలుపు దాకా వినబడింది. నేను కదల్లేదు, చేతిలో ఇస్త్రీ పెట్టె అలాగే ఉండిపోయి కాలరు మాడింది.

బకెట్ కింద పడేసి బహీగా పరిగెత్తుకొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుంది.

"తాళం మార్చేశారమ్మా" అన్నాడాయన భయంగా. "నవాల్ నా కోసం ఆస్పత్రి దగ్గర నిలబడి ఉంటుంది. ఎండలో నిలబడలేదు ఆవిడ."

నవాల్ ఆయన భార్య. పోయి తొమ్మిదేళ్ళు.

"నేను కబురు పంపిస్తాలెండి హాజీ గారూ, నీడలో కూర్చోమని. పదండి, పైకెళ్దాం" అని మెల్లగా మూడంతస్తులూ ఎక్కించింది. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉందట. ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, కాళ్ళు కడిగి, తాళంచెవి ఆయన చేతిలోనే వదిలేసి తలుపు లాగి వచ్చింది. తీసుకోబోతే పసివాడిలా పిడికిలి బిగించాడట.

వచ్చి గీత చూసింది. నాలుగు జానల పొడుగు, అడుగున రేకు తెల్లగా కనబడుతోంది. మైనం రుద్దింది, టూత్‌పేస్టు రుద్దింది, ఆఖరికి బూటుపాలిష్ కూడా రుద్దింది. గీత కదిలితేనా!

"పిల్లి గీకిందని చెప్పు" అన్నాను.

"ఒంటి గోరు పిల్లా అన్నా?"

"మరి ఉన్నమాట చెప్పు."

"చెప్తే హాజీ గారి గుమ్మానికి జాలీ వస్తుంది. చెప్పకపోతే గరీబ్ మంచం వీధిలోకి వస్తుంది" అని అట్టపెట్టె మీద కూలబడింది. "ఎటు తిరిగినా గోడే."

ఇంజినీరు గురువారం మధ్యాహ్నం దిగాడు. తొడుగు తియ్యగానే ఆయన ముఖం పాలిపోయింది. గీత మీద వేలు పెట్టి ఈ చివర్నుంచి ఆ చివరికి రాశాడు.

"ఎవరు?"

బహీగా నేల చూసింది.

"నీ కళ్ళు కారు మీద పెట్టమంటే ఎక్కడ పెట్టావు? బీన్సు గిన్నెలోనా?" కాసేపు అరిచి అరిచి ఆయనే ఒక నిర్ణయానికి వచ్చాడు. "షనూదా బండే కదూ? చెత్తబండి ఇనుప కొక్కెం సరిగ్గా ఈ ఎత్తులోనే ఉంటుంది."

షనూదా మా వీధి చెత్త ఎత్తుకెళ్ళే మనిషి. రోజూ తెల్లవారకుండా వచ్చి ఎవరి కంటా పడకుండా పోతాడు. ఆ మంగళవారం అతను రానే లేదు. క్రైస్తవుడు కదా, ఈస్టరు పండక్కి పని మానేశాడు.

"రేపు జుమ్మా అయ్యాక అతన్ని పిలిపిస్తాను" అన్నాడు ఇంజినీరు. ఈసారి గొంతు తగ్గించాడు. "నువ్వు చూశానను చాలు. నీ గది నీకే ఉంటుంది, నీ వీధి నీకే ఉంటుంది. ఆలోచించుకో."

ఆ సాయంత్రం బహీగా వీధి ఆ కొస నుంచి ఈ కొసకి ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. తలుపులకి కట్టిన స్పాంజి ముక్కలు విప్పి మళ్ళీ కట్టింది. గది గుమ్మం దాకా వెళ్ళి, లోపల గరీబ్ దగ్గుతుంటే విని, వెనక్కి వచ్చింది. నన్ను చూసి, "తప్పించుకునే తలుపు ఒక్కటే తెరిచారన్నా. దాంట్లోంచి పోవాలంటే షనూదాని తొక్కి పోవాలి" అంది. చూసినవాణ్ణి నేను కూడా ఉన్నానని ఆమె ఒక్కసారి కూడా గుర్తుచెయ్యలేదు.

శుక్రవారం నమాజయ్యాక కారు చుట్టూ పదిమంది చేరారు. షనూదా టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకు పిలిచారో కూడా తెలియదతనికి.

"చెప్పు బహీగా" అన్నాడు ఇంజినీరు.

"షనూదా కాదండీ" అంది. "నేనే. మెళ్ళో తాళాలు కదా, వంగి తుడుస్తుంటే రాసుకున్నాయి."

అందరూ ఆమె మెడలోని గుత్తి వైపు చూశారు. ఇంజినీరూ చూశాడు. కోపం కంటే ఓటమే ఎక్కువ కనిపించింది ఆ ముఖంలో.

"నెలాఖరుకి గది ఖాళీ చెయ్యి" అని చెప్పి పైకెళ్ళిపోయాడు.

ఆమె ఏడవలేదు. ఆ మధ్యాహ్నమే గరీబ్ మంచం పట్టే గది కోసం షరాబియా పేట వైపు తెలిసినవాళ్ళకి కబురు పెట్టింది. నేను చూస్తూ ఉండలేకపోయాను. శనివారం పొద్దున చొక్కాలు తీసుకుని నేనే మూడో అంతస్తు ఎక్కాను. గుమ్మంలో నిలబడి, చూసిందంతా ఇంజినీరుకి చెప్పేశాను. లోపల హాజీ రేడియో ముందు కూర్చుని ఉన్నాడు. ఇంజినీరు వెనక్కి తిరిగి తండ్రిని చూశాడు. ఆ తర్వాత నా చేతిలో చొక్కాలు అందుకుని, "ఆవిణ్ణి ఉండమని చెప్పు" అన్నాడు. అంతే.

నేను గొప్ప పని చేశాననుకుంటూ మెట్లు దిగాను.

ఆదివారం కమ్మరి వచ్చాడు. మూడో అంతస్తు గుమ్మానికి ఇనుప జాలీ బిగించాడు, బాల్కనీకి కూడా ఊచలు పెట్టాడు. సోమవారం నుంచి, కొడుకూ కోడలూ పనికి వెళ్ళగానే, పైన చప్పుడు మొదలయ్యేది. హాజీ తాళంచెవితో ఊచల మీద కొట్టేవాడు. ఒక వరసలో, తొందర లేకుండా, ఠక్ ఠక్ ఠక్. మధ్యాహ్నం బడి వదిలేదాకా అదే. వీధిలో అందరికీ వినబడేది. కొన్నాళ్ళకి ఎవరూ తలెత్తడం మానేశారు.

బహీగా మాత్రం తలెత్తేది. నాతో మాట మానేసింది. ఆమె జోళ్ళు నా కొట్టు ముందు ఆగడం మానేశాయి. ఒక్కసారి మాత్రం దగ్గరికొచ్చి, "నా ముడి నేను విప్పుకున్నాను కదా అన్నా. నిన్నెవరు విప్పమన్నారు?" అని అడిగి వెళ్ళిపోయింది.

పన్నెండో రోజు ఆమె కారు ఎక్కబోతున్న ఇంజినీరుకి అడ్డంగా నిలబడింది. గీత అప్పటికి లేదు, కొత్త రంగు వేయించాడు.

"ఆ తాళం కూడా నాకివ్వండి" అంది.

"ఏ తాళం?"

"పైదే. ముప్పై ఒకటి చూసుకుంటున్నాను, ముప్పై రెండోది చూసుకోలేనా? హాజీ గారు పొద్దున రెండు గంటలు నాతో కూర్చుంటారు. నా కళ్ళు దాటి పోనివ్వను."

"పోతే?"

"పోతే నన్ను ఆ జాలీ వెనక పెట్టండి."

ఇంజినీరు కారు తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. పక్క కారుకి తగలకుండా ఆమె చెయ్యి అడ్డం పెట్టే ఉంది. చివరికి జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు. ఇచ్చాక కూడా చాలాసేపు వెళ్ళలేదు.

అప్పట్నుంచి హాజీ గోడ నీడలో, తిరగేసిన కూరగాయల పెట్టె మీద కూర్చుంటున్నాడు. ఆయనకి కాస్త గాలి దొరికింది గానీ, బహీగాకి ఉన్న కాస్త గాలీ పోయింది. ఒక చెయ్యి ఆయన చొక్కా పట్టుకునే ఉండాలి, రెండో చెయ్యి కార్లకి. రొట్టెల కొట్టు దాకా కూడా వెళ్ళడం లేదిప్పుడు.

"బండి ఎప్పుడు కదులుతుందమ్మా?" అని ఆయన పావుగంటకోసారి అడుగుతాడు.

"సిగ్నల్ పడలేదు హాజీ గారూ."

గార్డు కదా, సిగ్నల్ పడలేదంటే మారు మాట్లాడడు. బుద్ధిగా కూర్చుంటాడు.

మొన్న పొద్దున తొమ్మిదో నంబరు డాక్టరమ్మ తొందరగా బయటికి వెళ్ళాలంది. ఆమె కారుకి అడ్డంగా మూడు కార్లున్నాయి, ఒక్క చేత్తో నెట్టే పని కాదు. బహీగా అటూ ఇటూ చూసింది. హాజీని లేపి, నడిపించుకుంటూ తీసుకొచ్చి నా కొట్టు మెట్టు మీద కూర్చోబెట్టింది. నా ముఖం చూడలేదు. ఆయన చొక్కా చివర తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పట్టుకో. వదలకు" అని వెళ్ళిపోయింది.

పట్టుకున్నాను. బల్ల మీద ఇస్త్రీ పెట్టె వేడెక్కిపోతోంది, దాన్ని అందుకోవాలంటే ఈ చెయ్యి వదలాలి. వీధి చివర ఆమె కారుకి భుజం ఆనించి నెడుతోంది. హాజీ నన్ను ఎగాదిగా చూసి, పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు.

"మీరెందాకా?" అని అడిగాడు.