స్నానం చేస్తున్నారు

డ్యూటీ టైం అయ్యాక ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వస్తే, తను ఇంట్లో ఉన్నా లేకపోయినా "స్నానం చేస్తున్నారు" అని చెప్పమన్నది మా ఆయనే. దారిలో ఉన్నారంటే అటునుంచి అటే వెనక్కి పిలుస్తారు. ఇంజనీరుని చేసుకున్నానని మురిసిపోయాను గానీ, మెషీన్లకి సవతినయ్యానని తర్వాత తెలిసింది. వాటికి జ్వరమొస్తే మా ఇంట్లో తిండీ నిద్రా ఉండవు.

ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్ చేశాడు.

"అమ్మా, సార్ ఇంటికొచ్చేశారా?"

"వచ్చారండీ. స్నానం చేస్తున్నారు," అన్నాను. నోటికి అలవాటైన అబద్ధం కదా.

"హమ్మయ్య! మిక్సర్ స్విచ్చికి సార్ తాళం ఇంకా వేలాడుతోంది. మళ్లీ మర్చిపోయి వెళ్లిపోయారన్నమాట. సరే, కోయించేస్తాలెండి, అవతల పని ఆగిపోయింది."

నవ్వుతూనే పెట్టేశాడు. నేనూ నవ్వబోయాను. ఆ మిక్సర్ మా వంటింటి మిక్సీలాంటిదే, కాకపోతే మనిషి దిగేంత పెద్దది. బాగుచెయ్యడానికి దిగేవాళ్లు ముందు స్విచ్చికి తమ తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. తాళం ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. మా మతిమరుపు మహానుభావుడు పైకొచ్చాక కూడా తాళం తియ్యకుండా ఇంటికొచ్చేసిన రోజులున్నాయి. అప్పుడల్లా కట్టర్ పెట్టి కోసేశారు.

కానీ ఈ రోజు ఆయన ఇంటికి రాలేదు.

మేనేజర్‌కి చేశాను. ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ ఊరికే అనేది కాదు. మా ఆయన సెల్‌కి చేస్తే గేటు దగ్గర వాచ్‌మన్ ఎత్తాడు.

"సార్ ఫోన్ ఇక్కడే ఉందమ్మా, లోపలికి తీసుకెళ్లనివ్వరుగా. సార్ ఇంకా బయటికి రాలేదు."

"మిక్సర్ ఆపించు బాబూ! ఆయన అందులో ఉన్నారు! పరిగెత్తు!"

ఫోన్ కట్ చెయ్యకుండానే పరిగెత్తాడు. అతని రొప్పు వినబడింది. అరుపులు. ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు. తర్వాత పెద్ద హోరు. అది మిక్సరో, పక్క మెషీనో నాకెలా తెలుస్తుంది? ఫోన్ చెవికి అదిమిపెట్టుకున్నాను. నా చేతులారా చంపుకున్నాను అనుకున్నాను.

"ఏమే..."

మా ఆయన గొంతు.

"తాళం కోసేశారే. స్విచ్చి మీద చెయ్యి కూడా వేశారు. ఇంకొక్క క్షణం ఆగితే... నేను ఇంట్లో ఉన్నానన్నారట. ఎవరే ఆ మాట చెప్పింది?"

అబద్ధమాడదామనుకున్నాను. నోరు రాలేదు.

"నేనేనండీ."

ఆయన ఊపిరి వినబడుతోంది. అది వినబడినంతసేపూ నేను ఫోన్ పెట్టలేదు.