బావగారి బ్రేకరు

ఆ ఇంట్లో కరెంటు గురించి మాట్లాడే హక్కు ఒక్క బావగారికే ఉంది. ఆయన ముప్ఫై ఏళ్లు కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ ఆయన చేసిందల్లా వచ్చిన ఫిర్యాదుల మీద తేదీ ముద్ర కొట్టడం. స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకున్నది కళ్లజోడు మర బిగించుకోవడానికే. అయినా వీధిలో కరెంటు పోయిందంటే చాలు, మేడమీది కిటికీలోంచి ఆయన తల బయటికొచ్చేది, ఎక్కడ ఏం కాలిపోయిందో చూడకుండానే చెప్పేసేది. తప్పని తేలిన రోజున మాత్రం కిటికీ మూసి ఉండేది.

ఆయన తమ్ముడికి అన్నగారి మాటంటే వేదం. తమ్ముడి భార్యకు మాత్రం ఆ వేదంతోనే రోజూ చావొచ్చిపడేది. ఆవిడ ఇంట్లోనే కేకులూ బ్రెడ్డూ కాల్చి నాలుగైదు దుకాణాలకు పంపుతుంది. పాత ఓవెన్ తలుపు ఊడి, తాడుతో కట్టుకునే స్థితికొచ్చాక, ఒకేసారి ఎనిమిది ట్రేలు పట్టే పెద్ద ఓవెన్ కొంది. బిగించడానికి ఎలక్ట్రీషియన్‌ను పిలిచింది.

ఆయన బక్కపలచటి మనిషి, మాట పొదుపు. కొత్త ఓవెన్ వెనక అంటించిన రేకు మీది అంకెలు చదివాడు. బోర్డు విప్పి చూశాడు. గోడ మీద చెవి పెట్టి, వేలి కణుపుతో తట్టుకుంటూ పోయాడు.

"అమ్మా, ఈ గోడకి అవతల ఎవరుంటారు?"

"మా అత్తయ్యగారి గది. మంచం ఈ గోడకే ఆనుకుని ఉంటుంది."

"మీ పాత ఓవెన్‌కి ఈ రెండున్నర ఎమ్మెమ్ సన్న వైరు సరిపోయింది. ఇది దానికి మూడింతలు లాగుతుంది. బోర్డు నుంచి విడిగా ఆరు ఎమ్మెమ్ లైను రావాలి, వైరు వేడెక్కక ముందే పడిపోయేలా దానికి తగ్గ బ్రేకరుండాలి, ఎర్త్ సరిగ్గా ఉండాలి. పైగా ఈ గోడలో ఎక్కడో వైరుకి పాత అతుకుంది. గోడ కొట్టాలి. రెండు రోజుల పని."

గోడ అనే మాట చెవిన పడగానే బావగారు మెట్లు దిగి వచ్చాడు.

"ఏమోయ్, ఈ ఇల్లు కట్టించినప్పుడు వైరింగు దగ్గరుండి చేయించింది నేను. అది రాయిలాంటి వైరు. గోడలు కొడితే గాని మీ పొట్ట నిండదా?"

దగ్గరుండి అంటే కుర్చీ వేసుక్కూర్చుని పేపరు చదవడం. ఎలక్ట్రీషియన్ వాదించలేదు. "ఈ వైరుకైతే నేను కలపను" అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

బావగారు చెప్తుంటే తమ్ముడు కలిపాడు. ఓవెన్ వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టే లోపే బోర్డులో టక్కుమని బ్రేకరు పడిపోయింది. లేపారు, పడింది. మళ్లీ లేపారు, మళ్లీ పడింది.

"పిరికి బ్రేకరు! పదహారు ఆంప్సుది, పాపం దానికి దమ్మెక్కడిది?" అని తేల్చేశాడు బావగారు. సాయంత్రానికల్లా నలభైది తెప్పించి తమ్ముడి చేత పెట్టించాడు. అది ఇక పడలేదు. ఆయన మీసం మీద చెయ్యి వేసుకుని వీధి చివరిదాకా నడిచొచ్చాడు.

కోడలు ఉండబట్టలేక ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పింది. 

"కుక్క మొరుగుతోందంటే దొంగెక్కడున్నాడో చూసుకోవాలమ్మా. మీవాళ్లు కుక్కని మార్చారు" అన్నాడాయన.

ఆ మాట భర్త చెవిన వేస్తే, "అన్నయ్య ముప్ఫై ఏళ్లు ఆ శాఖలో చేశాడు" అన్నాడు. ఆవిడా నోరు మూసుకుంది. చేతినిండా ఆర్డర్లున్నాయి, ఓవెన్ బ్రహ్మాండంగా కాలుస్తోంది. ఆ నోరు మూసుకోవడం తలుచుకుంటే ఆవిడకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇరవై రోజులు గడిచాయి. ఒకరోజు పొద్దున అత్తగారు హాల్లో కేకుల పెట్టెలు మడుస్తూ, "కొత్త పొయ్యి వచ్చాక నా నడుం నొప్పి తగ్గిందే. గోడకి ఆనుకుంటే వెచ్చగా కాపడం పెట్టినట్టుంటోంది" అంది సంతోషంగా.

కోడలు పరుగున ఆ గదిలోకి వెళ్లి గోడకు అరచెయ్యి ఆనించింది. లోపల వైరు పోయే దారిలో ఒకచోట చెయ్యి ఎక్కువసేపు ఉంచలేకపోయింది.

"ఈ సంగతి బావగారికి చెప్పారా అత్తయ్యా?"

"వారం కిందటే చెప్పానుగా. మంచిదే, ఆనుకో అన్నాడు."

గోడ కాలుతోందని తను అంటే ఆయన ఎండ పేరు చెప్తాడు, సిమెంటు పేరు చెప్తాడు, భర్త తలూపుతాడు. అది ఆవిడకు తెలుసు. అందుకే మాట పెంచలేదు. ఓవెన్ నిండా ట్రేలు పెట్టి ఫుల్లుగా తిప్పింది. మధ్యాహ్నం బావగారు భోజనానికి కిందికొచ్చాడు. వండుకోవడం ఒక్కటే ఆయనకు రాని విద్య. తిన్నాక నడుం వాల్చే సోఫా నిండా అట్టపెట్టెలున్నాయి.

"ఇవాళ్టికి అత్తయ్య మంచం మీద పడుకోండి బావగారూ, దుప్పటి మార్చాను."

ఆయన వెళ్లాడు. మంచం కిర్రుమంది. ఆవిడ వంటింట్లో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. ఐదు నిమిషాలు కాలేదు, గచ్చు మీద మంచం కోళ్లు ఈడ్చిన చప్పుడైంది. వెళ్లి చూస్తే మంచం గోడకు గజం దూరంలో ఉంది. బావగారు దాని మీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఉన్నాడు.

"ఏం బావగారూ, జరిపారు?"

"గోడ కాస్త... ఎందుకైనా మంచిదని."

ఆవిడకు ఒళ్లు మండిపోయింది.  తిన్నగా బోర్డు దగ్గరికి వెళ్లి మెయిన్ ఆపేసింది. ఓవెన్‌లో ఎనిమిది ట్రేల కేకులు సగం పొంగి ఆగిపోయాయి. "ఆర్డరూ, ఆర్డరూ" అంటూ భర్త పరిగెత్తుకొచ్చాడు.

"పోతే పోయింది. మీ అమ్మ వీపు ఇరవై రోజులుగా ఆ గోడకే ఉంది. మీ అన్నయ్యది ఐదు నిమిషాలు ఆగలేకపోయింది. వెళ్లి చూడండి మంచం ఎక్కడుందో."

భర్త చూశాడు. ఈసారి తలూపలేదు. అత్తగారు కూడా పెట్టెలు వదిలి వచ్చి గుమ్మంలో నిలబడింది. మంచాన్నీ గోడనీ, మధ్యనున్న గజం నేలనీ చూసింది.

"నేను చెప్పినప్పుడు ఈ మంచం జరపాలని నీకెందుకు తోచలేదురా?"

బావగారు చెప్పులు వెతుక్కుంటూ అన్నాడు: "నువ్వే కదమ్మా, హాయిగా ఉందన్నావు."

ముసలావిడ మంచం మీది తన దిండు తీసి చంకన పెట్టుకుని కోడలి వైపు తిరిగింది.

"ఆ కరెంటాయనకి ఫోన్ చెయ్యి తల్లీ. గోడంతా కొట్టమను."