మోన్సనీగారి అమ్మాయి

ఫ్రాన్సులోని బెజాన్సోన్ ఊళ్లో మోన్సనీగారంటే తెలియనివారు లేరు. ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా చదువూ హక్కులూ ఉండాలని రెండు సంపుటాలు రాసినాయన. చూపు మందగించాక ఆయన చెబుతుంటే కూతురు అపొలీన్ రాసేది. పన్నెండో ఏట పట్టిన కలం ఇరవై రెండు వచ్చినా కింద పెట్టలేదు. రాస్తూ రాస్తూనే ఆయన అలమరలోని గణితమంతా చదివేసింది.

ఒకరోజు దిజోన్ పట్నం నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన పుస్తకం చదివి ఆడపిల్లల బడి పెట్టిన మదాం గిల్మార్ రాసింది, లెక్కలు చెప్పగల స్త్రీ ఎవరైనా ఉన్నారా అని. అపొలీన్ దాన్ని పైకి చదివింది.

"పాపం, ఎక్కడ దొరుకుతుంది? మా ఊళ్లో అంత చదివినవాళ్లు లేరని రాయి" అన్నాడాయన.

అపొలీన్ కాసేపు కాగితంకేసి చూసి, 'మా అమ్మాయి ఉంది' అని రాసింది. ఆయన తడుముకుంటూ సంతకం పెట్టాడు.

మూడు వారాలకు మదాం గిల్మార్ స్వయంగా వచ్చింది. "సొంత కూతుర్నే పంపిస్తానన్నారు. ఎంత పెద్ద మనసండీ మీది."

ఆయనకు విషయం అర్థమైంది. నవ్వాడు. "మా ఇంట్లో ఆడవాళ్లు స్వతంత్రులు మదాం. దాన్నే అడగండి."

"వస్తాను" అంది అపొలీన్.

"వెళ్లు తల్లీ, నేనెందుకు కాదంటాను? మూడో సంపుటం ఒక్కటీ పూర్తిచేసి వెళ్లు. వసంతం దాకా, అంతే."

మదాం గిల్మార్ కళ్లు తుడుచుకుంది. "ఇలాంటి తండ్రి ఎవరికుంటాడమ్మా?"

వసంతం వచ్చేసరికి ఆయన నాలుగు అధ్యాయాలు చింపించి మళ్లీ మొదలెట్టించాడు. ఉత్తరం గురించి ఒక్క మాట అనలేదు. కానీ ఇప్పుడు ఏ కాగితమైనా పక్కింటి పాదిరీగారు చదివి వినిపించాకే సంతకం పెట్టేవాడు.

వేసవిలో ఓ ఉదయం అపొలీన్ మూట కట్టుకుని దిజోన్ బండి దగ్గరికి వెళ్లింది. బండివాడు టోపీ తీశాడు.

"మోన్సనీగారి అమ్మాయిగారు కదూ? నాన్నగారు పంపుతున్నట్టు చీటీ ఉందా?"

"లేదు."

"అంత పెద్దాయనకి చెప్పకుండా తీసుకెళ్తే ఊళ్లో నాకు పుట్టగతులుండవమ్మా." మూట మోసుకుని మరీ ఇంటిదాకా దిగబెట్టాడు.

తండ్రి కుర్చీలోనే ఉన్నాడు. "వచ్చావా? ఎక్కడ ఆపామో చదువు" అన్నాడు.

అపొలీన్ చదివింది.

దిజోన్‌లో ఆ వేసవిలోనే వేరొకరిని పెట్టుకున్నారు. సంపుటం ఏడేళ్లకు పూర్తయింది. అప్పటికి ఆయనకు చూపు బొత్తిగా పోయింది. ఇక వెళ్లమని ఆయనా అనలేదు, వెళ్తానని ఆమె కూడా అడగలేదు.