మీ నాన్నగారి వస్తువు

రాజోలు బస్టాండు వెనక మీసేవ కేంద్రంలో కామేశ్వరి కూర్చునే కిటికీ దగ్గర తొమ్మిదిన్నరకే జనం చేరిపోతారు. ఆదాయం కాగితానికి వచ్చేవాళ్ళు కొందరు, ఆధార్‌లో తప్పు పడ్డ పేరు దిద్దించుకోడానికి కొందరు, పొలం అడంగల్ కోసం మరికొందరు. కామేశ్వరికి చేతి చురుకుతో పాటు నోటి దురుసు కూడా కొంచెం ఉంది. "గడి ఖాళీగా వదిలేస్తే ఎలాగండీ? తిరిగొచ్చేస్తుంది, మళ్ళీ నా మీదే పడతారు" అంటూ కాగితాన్ని కిటికీలోంచి వెనక్కి తోసేస్తుంది. పద్నాలుగేళ్ళుగా అదే కుర్చీ.

ఆ మంగళవారం సత్యదుర్గ అని శివకోడు నుంచి వచ్చిన ఒకామె, పనైపోయాక కూడా కదలకుండా, చేతిసంచీలోంచి కళ్ళజోడు ఒకటి తీసి చూపించింది.

"మస్కట్‌లో మా ఆయన పోగొట్టుకున్నారండి. నిన్ననే అంతర్వేది వెళ్ళి తెచ్చుకున్నాను. ఆయనకిది పంపాలంటే కొరియర్ ఎక్కడండి?"

"పోస్టాఫీసు ఎదురుగుండా ఉందండి. దూదిలో చుట్టి ఇవ్వండి, లేకపోతే పగిలిపోద్ది" అంది కామేశ్వరి.

గల్ఫులో మనవాళ్ళు ఏది పోగొట్టుకున్నా అది అంతర్వేదిలో, గోదారి సముద్రంలో కలిసేచోట, ఒడ్డుకి వచ్చేస్తుంది. తాళంచెవులు, వాచీలు, ఒంటి చెప్పులు, అప్పుడప్పుడూ ఒక మంగళసూత్రం. తడిసిన ఆనవాలు కూడా ఉండదు. అక్కడి పల్లిపాలెంలో దానం మామ్మ ఉంది. పొద్దున్నే వెళ్ళి వాటిని ఏరుతుంది. చేతిలోకి తీసుకుంటే చాలు, ఏ ఊళ్ళో ఎవరిదో ఆవిడకి తెలుస్తుంది. ఆ ఇంటికి కబురు పంపుతుంది. ఇంట్లోవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళి, అక్కర ఉన్నదైతే తిరిగి ఆ దేశానికి పంపిస్తారు. దానం మామ్మకి ముందు వాళ్ళమ్మ ఈ పని చేసేది.

సత్యదుర్గ అటు వెళ్ళిందో లేదో, కామేశ్వరి ఫోను మోగింది. అమలాపురం నుంచి ట్రావెల్స్ కళ్యాణ్.

"మేడమ్ గారూ, మీ వీసా తిరిగొచ్చేసిందండి."

కామేశ్వరి షార్జా ప్రయాణం గురువారం. టికెట్టు కొనేశారు. హైదరాబాదుకి బస్సు కూడా బుక్ అయిపోయింది.

"ఎందుకండీ?"

"పాస్‌పోర్టులో మీది ఒక్కటే పేరుందండి. ఇంటిపేరు గడి ఖాళీ. అలాంటివాళ్ళకి అక్కడ విజిట్ వీసా ఇవ్వటం లేదు. వెనక పేజీలో నాన్నగారి పేరున్నా సరిపోయేది. అదీ లేదు కదండి. అమ్మగారి పేరొక్కటే వేయించేరు."

అవును. తనే వేయించింది. ఆరేళ్ళ కిందట, ఎవరికో పాస్‌పోర్టు దరఖాస్తు పెడుతూ పనిలో పనిగా తనదీ పెట్టుకుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరున్నా చాలని అప్పటికి రూలు వచ్చేసింది. ఆ రూలు చదివిన రోజున ఆమెకి ఎక్కడలేని తృప్తి కలిగింది. ఊళ్ళోవాళ్ళ గడులన్నీ నింపించే మనిషి, తన గడిని తన చేతులతోనే ఖాళీగా వదిలేసింది.

ఇప్పుడు ఆ ఖాళీ గడిలో ఉండాల్సిన మనిషి కోసమే ప్రయాణం.

తండ్రి కడలి మాణిక్యాలరావు షార్జా వెళ్ళేటప్పటికి కామేశ్వరికి పదేళ్ళు. ఏడేళ్ళు క్రమం తప్పకుండా ఉత్తరాలు వచ్చాయి. తల్లికి జబ్బు ముదిరినప్పుడు, వీధి చివర బూత్‌కి ఫోన్ చేసి "బయలుదేరుతున్నానమ్మా, అమ్మకి చెప్పు" అన్నాడు. తల్లి ఆ మాట పట్టుకుని వీధి గుమ్మం వైపు తల తిప్పి పడుకుంది. అలా పడుకునే పోయింది. ఆయన రాలేదు. మళ్ళీ ఫోనూ లేదు, ఉత్తరమూ లేదు. అక్కడెవర్నో పెట్టుకున్నాడని ఊళ్ళో అన్నారు. పదిహేడేళ్ళ పిల్ల ఆ మాట నమ్మింది.

ఇరవైమూడేళ్ళ తర్వాత, కిందటి నెల్లో, కపిలేశ్వరపురం రవికుమార్ అని ఎవరో షార్జా నుంచి ఫోన్ చేశాడు. "మీ నాన్నగారూ నేనూ ఒకే రూములో ఉంటామండి. ఆయనకి ఒంట్లో అస్సలు బాగోలేదు. కాగితాల్లేనివాళ్ళు వెళ్ళిపోవచ్చని ఇక్కడ క్షమాభిక్ష ఇచ్చేరు. వచ్చే నెలాఖరు దాకానే. కానీ ఈయన మన దేశం మనిషని చెప్పడానికి ఒక్క ముక్కా లేదండి. మీరొచ్చి కాన్సులేట్‌లో నిలబడి, మా నాన్నే అని చెబితే ఏమన్నా అవుద్దేమో."

వెళ్తానని ఎందుకు అందో ఆమెకే తెలీదు. ఆయన్ని క్షమించిందా అంటే అదీ లేదు.

"ఇప్పుడేం చెయ్యాలండీ?" అని అడిగింది కళ్యాణ్‌ని.

"నాన్నగారి పేరు మీదే ఇచ్చిన పాత కాగితం ఏదైనా పెట్టి మళ్ళీ వేద్దామండి. ఆయన పాస్‌పోర్టు కాపీ లాంటిది దొరికిందంటే ఇంకా బలం."

ఇంట్లో ఆయన కాగితమంటూ ఒక్కటీ మిగల్లేదు. రేషన్ కార్డులో పేరు కొట్టించింది తనే. పెట్టెలో ఉత్తరాలన్నీ నీళ్ళపొయ్యిలో వేసింది తనే. మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చి సంగతి చెబితే, భర్త సురేంద్ర "దానం మామ్మ దగ్గర ఉంటాయేమో? పాతికేళ్ళలో ఆయనా ఏవో పోగొట్టుకునే ఉంటారు కదా" అన్నాడు.

కామేశ్వరి మొహం ఎత్తలేదు. ఇన్నేళ్ళలో నాలుగైదుసార్లు అక్కణ్ణుంచి కబురొచ్చింది. ఒక్కసారీ వెళ్ళలేదు.

మలికిపురం, సఖినేటిపల్లి దాటి బండి మీద అంతర్వేది చేరేసరికి మూడున్నరైంది. దానం మామ్మ తాటాకు పాకలో వల బాగుచేసుకుంటోంది. ఎనభై ఏళ్ళుంటాయి. చూపు ఇంకా దిట్టంగానే ఉంది.

"కడలోరి పిల్లవి కదూ," అంది. "రా."

పాకలో ఓ పక్కన చేపల ట్రేలు వరసగా పేర్చి, ఊరి పేర్లు సుద్దముక్కతో రాసి ఉన్నాయి. రాజోలు ట్రేలో అడుగునుంచి ఓ గుడ్డమూట తీసి చాప మీద పరిచింది. సైకిలు తాళం ఒకటి. ఒంటి చెప్పు. సగం పళ్ళు ఊడిన దువ్వెన. మూడు కళ్ళజోళ్ళు, ఒకదాన్ని మించి ఒకటి మందం. అన్నిటి కిందా నీలంరంగు అట్ట పుస్తకం.

కామేశ్వరి అది తెరిచింది. నల్లటి మీసం, దువ్విన జుట్టు, ఇప్పటి తన వయసు కూడా లేని మనిషి. పేరు, ఇంటిపేరు, ఊరు, అన్నీ ఉన్నాయి. పేజీల మధ్యలోంచి మడత పెట్టిన టికెట్టు జారి ఒళ్ళో పడింది. షార్జా నుంచి బొంబాయికి. తారీఖు చూసింది. మళ్ళీ చూసింది. తల్లి పోయింది ఆ నెల పదిహేడున. టికెట్టు పద్నాలుగుది.

"ఇదెప్పుడొచ్చింది మామ్మా?"

"మీ అమ్మ పోయిన నెల్లోనే. అన్నిటికంటే ముందొచ్చింది ఇదే. మా తమ్ముణ్ణి పంపేను గదా మీ ఇంటికి."

ఆమెకి గుర్తొచ్చింది. పదకొండో రోజు వెళ్ళి అప్పటికి వారం కూడా కాలేదు. వాకిట్లో ఎవరో గళ్ళలుంగీ మనిషి నిలబడి, 'మీ నాన్నగారి వస్తువొకటి వచ్చిందమ్మా' అన్నాడు. 'ఆయన వస్తువేదీ ఈ గుమ్మం తొక్కక్కర్లేదు' అంది తను. ఆ మనిషి మంచినీళ్ళడిగి తాగి, చెంబు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"పాస్‌పోర్టని చెప్పలేదు మామ్మా నాకు."

"ఏం వస్తువని నువ్వడగలేదంట గదమ్మా." మామ్మ గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. "అడగనిదే చెప్పకూడదని మా అమ్మ పెట్టిన కట్టుబాటు. కొందరు మగాళ్ళు పోగొట్టుకునేవి అలాంటివుంటాయి మరి. నువ్వొస్తావని ఉంచేను."

సురేంద్ర బండి దగ్గరే నిలబడిపోయాడు. కామేశ్వరి పాక బయటికొచ్చి, లంగరేసిన పడవల పక్క నుంచి నీళ్ళదాకా నడిచింది. అక్కడ నిలబడి రవికుమార్‌కి ఫోన్ చేసింది. "ఒక్కసారి ఆయనకివ్వండి" అంది. ఆ గొంతు వినడం ఇరవైమూడేళ్ళలో అదే మొదలు.

"ఎవరు?"

"నేను నాన్నా. కామేశ్వరిని."

కామేశ్వరి చేతిలో పుస్తకాన్ని మళ్ళీ తెరిచి ఫొటో చూసింది.

"మీ పాస్‌పోర్టు దొరికింది నాన్నా. అంతర్వేదిలో ఉంది."

"ఆయ్," అన్నాడాయన నెమ్మదిగా. "ఎయిర్‌పోర్టుకెళ్ళే కంగార్లో టాక్సీలో జారిపోయిందమ్మా. అక్కడికి చేరి ఉంటదని తెలుసు."

"తెలిసీ అడగలేదేం?"

"మీ అమ్మ పోయేటప్పటికి రాలేనోణ్ణి. ఏం మొహం పెట్టుకుని అడగను? దానం కబురు పెడతాది, నీకు నేను రావాలనుంటే పంపుతావులే అనుకున్నాను. పోస్టు వచ్చినప్పుడల్లా చూసేవోణ్ణి. రెండేళ్ళు చూసేను." దగ్గు అణుచుకున్నాడు. "తర్వాత, అక్కర్లేదంటన్నావని అర్థమైంది. నీ తప్పేం లేదమ్మా."

నాకు తెలీదు నాన్నా అందామనుకుంది. తెలీదన్నది నిజమే. కానీ అడగాలనుకోలేదన్నదీ నిజమే. ఆమె ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడింది. అవతల ఆయన కూడా పెట్టెయ్యలేదు.

ఆ సాయంత్రం కళ్యాణ్‌కి పాస్‌పోర్టు ఫొటో తీసి పంపితే, "దీంతో మీ వీసా మళ్ళీ వెయ్యొచ్చు గానీ మేడమ్ గారూ, నాలుగు రోజులు పడుతుంది, వస్తుందన్న గ్యారంటీ లేదు" అన్నాడు. మళ్ళీ తనే, "అసలు మీరెందుకండీ ఇప్పుడు? మీరు వెళ్ళి చెప్పే మాటకన్నా ఈ పుస్తకం చెప్పే మాటకి విలువెక్కువ. జొన్నాడ అనిల్ కుమార్ గారని, గురువారం అదే ఫ్లైటుకి వెళ్తున్నారు. ఆయన చేతికిద్దాం" అన్నాడు.

బుధవారం జొన్నాడ వెళ్ళి, హైవే పక్కన కారాపుకుని నిలబడ్డ ఆ పెద్దమనిషి చేతిలో పాస్‌పోర్టు పెట్టింది. "జాగ్రత్తండీ" అని మూడుసార్లు అంది. "పోయినా మీ దగ్గరికే వస్తుంది కదమ్మా" అని ఆయన నవ్వేడు. ఆమె నవ్వలేకపోయింది.

కాన్సులేట్‌వాళ్ళు ఆ పాత పుస్తకం చూసి ఇరవైమూడేళ్ళ కిందటి మనిషిని గుర్తుపట్టి, తిరిగెళ్ళడానికి కాగితం రాసిచ్చారు. క్షమాభిక్ష గడువు రెండు రోజులుందనగా మాణిక్యాలరావు విమానం ఎక్కాడు. రాజమండ్రి ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీలో బయటికొచ్చాడు. మనిషి సగమయ్యాడు. రెండు చేతులూ జోడించి, "మీకు శ్రమిచ్చేనండి" అన్నాడు సురేంద్రతో.

ఇంటికొచ్చి పన్నెండు రోజులైంది. ఆయన ఏదీ అడగడు. పెట్టింది తింటాడు. వీధిలో పోలీసు జీపు చప్పుడైతే లేచి, గోడ పట్టుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయి, కొబ్బరిమట్టల చాటున నిలబడతాడు. మొదటిసారి చూసినప్పుడు కామేశ్వరి, "మన ఊరు నాన్నా ఇది. ఇక్కడ మిమ్మల్నెవరూ పట్టుకోరు" అంది. ఆయన "ఆయ్" అన్నాడు. మర్నాడు జీపొస్తే మళ్ళీ వెళ్ళాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నం వడ్డిస్తోంది. చింతచిగురు రొయ్యలు చేసింది. ఆయనకిష్టమని తల్లి ఎప్పుడో అన్న గుర్తు. ఆయన కంచం వైపు చూసి, చూపెత్తి ఇంటి కప్పునీ గోడల్నీ కాసేపు చూశాడు.

"ఇక్కడ నన్నెన్నాళ్ళు ఉండనిస్తారమ్మా?" అన్నాడు.

"ఎవరు నాన్నా?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"మీరే," అన్నాడు.

గరిట పట్టుకున్న కామేశ్వరి చెయ్యి ఆగిపోయింది. ఆయన అన్నంలో చెయ్యి పెట్టకుండా, ఆమె చెప్పబోయేది విందామని, బుద్ధిగా ఎదురుచూస్తూ కూర్చున్నాడు.