ఇంజనీరు గారి ‘అలాగే’

పాండురంగారావు నోట ‘కాదు’ అన్న మాట పుట్టదు. పుట్టినా గొంతులోనే ఉండిపోతుంది గాని పెదవి దాటదు. ఘంటసాలలో పెరిగిన మనిషి, పెద్దవాళ్లు ఏం చెప్పినా ‘అలాగేనండీ’ అనడమే మర్యాదని చిన్నప్పుడే వంటబట్టించుకున్నాడు. మన వైపు ఆ మాటకు ‘సరే’ అని ఒక్కటే అర్థమా? ‘విన్నాను’ అని, ‘మీకు ఎదురు చెప్పలేను’ అని, ‘ఇక నన్ను వదలండి మహాప్రభో’ అని కూడా. భార్య సత్యవతికి ఇవన్నీ కంఠతా వచ్చు. అటక మీది బిందె దించమన్నప్పుడు ఆయన అలాగే అనగానే, తనే స్టూలెక్కేది.

“నేను కాబట్టి మీ అలాగేతో కాపురం చేస్తున్నాను. ఆఫీసులో ఎవరైనా నిజమనుకుంటే మీ పని గోవిందా,” అనేది.

అన్నంత పనీ అయింది.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. పాండురంగారావు బందరులో కాపురముంటూ, బంటుమిల్లి దిగువన ఒక సమితికి ఇంజనీరుగా పనిచేసేవాడు. వేసవిలో సముద్రపు పోటు అక్కడి మురుగు కాలువలోకి ఎక్కి, దిగువ ఊళ్ల చెరువుల్ని ఉప్పు చేసేది. కాలువకు అడ్డంగా కట్ట వేయించాలని సమితి ప్రెసిడెంటు శోభనాద్రి గారి పట్టుదల. ఆయనకు ఓట్లన్నీ దిగువ ఊళ్లలోనే ఉన్నాయి, ఎన్నికలేమో ముంచుకొస్తున్నాయి.

సమితి సమావేశంలో పాండురంగారావు తన సలహా శుభ్రంగానే చెప్పాడు. కట్ట వెయ్యవచ్చు గాని తలుపులు ఉండి తీరాలి, పోటుకు వాటిని మూసి వానలకు ఎత్తాలి. తలుపుల్లేకపోతే హస్త కార్తెలో ఎగువ పొలాల నీళ్లు దిగే దారుండదు, పొట్ట మీదున్న పైరు కుళ్లిపోతుంది. శోభనాద్రి గారు పొడుం పీలుస్తూ అంతా విన్నారు. తలుపులు వచ్చేసరికి ఎన్నికలు వెళ్లిపోతాయన్నారు.

“ముందు కట్ట వేసేద్దామండీ. తలుపుల సంగతి ఆనక చూసుకుందాం. ఏమంటారు ఇంజనీరు గారూ?”

అందరూ ఆయన వంకే చూస్తున్నారు.

“అలాగేనండీ,” అన్నాడు పాండురంగారావు.

‘మీరన్నది విన్నాను’ అని పాపం ఆయన ఉద్దేశం. ఇంజనీరు సమ్మతించారని అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు వెళ్లి, తను ఒప్పుకోలేదనీ, అది మర్యాదకన్న మాటనీ మొత్తుకుంటే శోభనాద్రి గారు నవ్వారు. నలుగురిలో అన్న మాట మర్నాటికి మింగెయ్యడం ఏం మర్యాదని అడిగారు. పై అధికారులూ ఆ పాటే పాడారు. కట్ట లేచింది, మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. అబద్ధమెందుకు, ఆ వేసవి దిగువ ఊళ్లవాళ్లు మంచినీళ్లు తాగారు.

హస్తలో వాన పట్టుకుంది. ఎగువ పొలాల్లో వెన్ను తొడగాల్సిన పైరు నీళ్లకింద పడుకుంది. పాండురంగారావుకు అన్నం సయించలేదు. నా నోరు పడిపోతే బాగుండేదని భార్య దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆవిడ ఈసారి వేళాకోళం చెయ్యలేదు. వెళ్లి చూసి రమ్మంది.

ఆయన వెళ్లేసరికి ఎగువ రైతులు పారలతో కట్ట మీద నిలబడి ఉన్నారు. గండి కొడదామంటే, వేళ తప్పితే పోటు ఎక్కి ఉప్పునీళ్లు చేలమీద పడతాయని భయం. శోభనాద్రి గారు అప్పటికే జీపులో వచ్చి, కట్ట ముట్టుకుంటే కేసులు పెట్టిస్తానంటున్నారు. మీరే చెప్పండి ఇంజనీరు గారూ, అని ఆయన్ని ముందుకు పిలిచారు.

చిట్టెమ్మ అడ్డొచ్చింది. మొగుడు పోయాక, ఉన్న కాస్త చేనూ తనే చేయించుకుంటున్న మనిషి.

“బాబుగారూ, చదువుకున్నోరు మీరు. ఇప్పుడు కొడితే మా నీళ్లు దిగుతాయా, సముద్రం ఎక్కుతుందా? కొట్టమంటే కొడతాం.”

పాండురంగారావు కాలువ వంక చూశాడు. పోటు వెనక్కి తగ్గి, కట్టకు అవతల బురద బయటపడి ఉంది.

“అలాగేనమ్మా,” అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఆ మాట ఖరీదెంతో వాళ్లు ఆ ఏడు చూసే ఉన్నారు. శోభనాద్రి గారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని పొడుంకాయ తీశారు.

పాండురంగారావు చెప్పులు విప్పి, పంట్లాం పైకి మడిచి, చిట్టెమ్మ చేతిలోని పార అందుకున్నాడు. కట్టకు అవతలి వాలులోకి దిగి, ఎక్కడ మట్టి తియ్యాలో చూసుకుని ఒక్క దెబ్బ వేశాడు.

“ఏమిటండీ ఇది! ఉద్యోగం ఊడుతుంది, జాగ్రత్త!” అన్నారు శోభనాద్రి గారు.

“అలాగేనండీ,” అని రెండో దెబ్బ వేశాడు.